తీసేసిన మచ్చలు

బొంబాయి రైళ్ళలో బాంబులు పేలిన మరుసటి వారం అది. కర్ణాటకలోని చింతామణిలో బైరప్ప నడిపే సైబర్ కేఫ్‌లో, గోడవైపు కంప్యూటరు ముందు కూర్చుని నాగవేణి తన బ్లాగు అడ్రసు మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే తెల్లటి తెర. ఈ పేజీని చూపించడం కుదరదని ఇంగ్లీషులో అదే వాక్యం. అక్షరం ఏమైనా తప్పు పడిందేమోనని ఒక్కొక్క అక్షరాన్నీ సరిచూసుకుంది. తప్పు లేదు. మెయిలు తెరుచుకుంటోంది. కన్నడ పేపరు తెరుచుకుంటోంది. సినిమా పాటల సైటు కూడా తెరుచుకుంటోంది. తనది ఒక్కటే తెరుచుకోవడం లేదు.

మామూలు రోజుల్లో అయితే లైను బాగాలేదనుకుని లేచి ఇంటికి వెళ్ళిపోయేది. కానీ ఆ వారం మామూలుగా గడవలేదు.

నాగవేణి ఆదినారాయణప్ప గ్రాఫిక్స్ అంగడిలో డిజైనరు. పెళ్ళిపత్రికలు, బిల్లు పుస్తకాలు, టమోటా పెట్టెలకు అంటించే లేబుళ్ళు అన్నీ చేసేది. కానీ ఈ మధ్య అంగడిని నడిపిస్తున్నవి ఫ్లెక్సులే. నాయకుడి పుట్టినరోజయినా, గణేశుడి ఉత్సవమయినా, పురసభ ఎన్నికలయినా బస్టాండు ముందర ఫ్లెక్సు లేవాల్సిందే. అందులో మొహాలు తెల్లగా, నున్నగా, అసలు వయసుకు సగంలో కనబడాలి. ఆ పని నాగవేణిది. మచ్చలు తీసేస్తుంది, ముడతలు సాపు చేస్తుంది, ఊడిన పన్ను మొలిపిస్తుంది, బట్టతల మీద వెంట్రుకలు నాటుతుంది. "మా నాగవేణి చేతిలో పడితే ముసిలోడు గూడా పెండ్లికొడుకై లేస్తాడప్పా" అని ఆదినారాయణప్ప వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేవాడు.

అలా తీసేసినవాటిని ఆమె పారేసేది కాదు. మచ్చనో ముడతనో కత్తిరించి వేరే ఫైలులో దాచుకునేది. ఎందుకు దాస్తోందో మొదట్లో తనకే తెలియదు. నున్నగా తయారైన ఆ మొహం ఎవరిదీ కానట్టు, తీసేసిన ముక్కలోనే ఆ మనిషి ఉన్నట్టు అనిపించేది. కొన్నాళ్ళకు ఆ ముక్కలతోనే బొమ్మలు చేయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం ఆదినారాయణప్ప భోజనానికి ఇంటికి వెళ్ళిన వేళ, అంగడి కంప్యూటరు మీద మౌసుతో గీసేది. చాకవేలు అనే పల్లెలో నీళ్ళ ట్యాంకరు ముందు బిందెలతో నిలబడిన ఆడవాళ్ళు, మండీలో టమోటా పెట్టెల మీదే నిద్రపోయే హమాలీలు, ఇలా చాలా గీసింది. సీడీలో ఎక్కించుకుని సాయంత్రం కేఫ్‌కు వచ్చి బ్లాగులో పెట్టేది. బ్లాగు పేరు 'చిత్తుబొమ్మలు'. గీసినవారి పేరు ఎక్కడా ఉండదు. హైదరాబాదు నుంచో మద్రాసు నుంచో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు బాగుందని రెండు ముక్కలు రాస్తే, ఆ రెండు ముక్కలూ వారమంతా ఆమెకు తోడుండేవి.

ఆఖరున పెట్టిన బొమ్మ ఒక ముసలమ్మ మొహం. దూరం నుంచి చూస్తే ఎండలో పనిచేసి పండిన ఏ పల్లె ముసలమ్మో అనిపిస్తుంది. దగ్గరగా చూస్తే ప్రతి ముడతా, ప్రతి మచ్చా ఊరి పెద్దల మొహాల మీంచి తీసినదే. ముక్కు పక్కన మిరియపు గింజంత పులిపిరి మాత్రం సుబ్బరాయప్పది. సుబ్బరాయప్ప టమోటా మండీ యజమాని, పురసభ సభ్యుడు, రేపోమాపో అధ్యక్షుడు కావాలనుకుంటున్న మనిషి. ఆ బొమ్మకు ఆమె 'తీసేసిన మచ్చలు' అని పేరు పెట్టింది.

ఆ బొమ్మ పెట్టిన కొద్దిరోజులకే సుబ్బరాయప్ప అంగడికి వచ్చాడు. ఎప్పుడూ బయట కుర్చీలో కూర్చునే మనిషి, ఆ రోజు లోపలికి వచ్చి ఆమె వెనకాల నిలబడ్డాడు. తెర మీద తన ముక్కు పక్కనుంచి పులిపిరి మాయమవడం చూస్తూ, "అమ్మా, ఇట్ల తీసేసిన మచ్చలన్నీ యాడికి పోతాయి?" అని అడిగాడు.

నాగవేణి చేతిలో మౌసు ఆగిపోయింది. "యాడికీ పోవప్పా. చెరిగిపోతాయి."

"చెరిగిపోతాయా!" అని సుబ్బరాయప్ప నవ్వాడు. "నువ్వు యాడన్నా దాచిపెడతాండావేమో అనుకుంటినే."

ఆ నవ్వుకు అర్థం ఏమిటో ఆమెకు తెలియలేదు. అది జరిగిన మర్నాడే బైరప్ప కేఫ్‌లో కొత్త నియమం పెట్టాడు. వచ్చినవాళ్ళందరి దగ్గరా ఒక ఫోటో, రేషన్ కార్డు జిరాక్సు తీసుకోవడం మొదలుపెట్టాడు. "స్టేషన్ నుంచి చెప్పినారమ్మా. బాంబులు పేలినాయి గదా. ఎవురొస్తాండారు, ఏం చూస్తాండారు, అంతా నాకు తెలిసుండాలంట" అన్నాడు. నాగవేణి తన ఫోటో ఇచ్చింది. ఇప్పుడేమో పేజీ తెరుచుకోవడం లేదు.

లేచి బైరప్ప బల్ల దగ్గరికి వెళ్ళింది. "బైరప్పా, లైను బాగుండాదా? ఒక సైటు తెరుచుకోలేదు."

"లైను బాగనే ఉండాదే. యా సైటు?"

"ఏం లేదులే. బొమ్మల సైటు."

"బొమ్మలా?" బైరప్ప తలెత్తి చూశాడు. "ఎట్లాంటి బొమ్మలు?"

"ఊరికే, డిజైన్లు."

బైరప్ప గొంతు తగ్గించాడు. "చూడమ్మా, మంచి ఇంటి బిడ్డవి. ఇప్పుడు కాలం బాగలేదు. ఏం చూసినా అడిగేటోళ్ళు ఉండారు. రేపు నన్నడిగితే నేను చెప్పాల్సొస్తాది."

తను ఏదో చూడకూడని బొమ్మలు చూస్తోందని బైరప్ప అనుకున్నాడని ఆమెకు అప్పుడు తోచనే లేదు. ఆ మాట ఆమె చెవికి హెచ్చరికలాగే తగిలింది. ఇంటికి నడుస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. వెనకాల వచ్చిన సైకిలు మనిషి తనకంటే ముందుకు వెళ్ళిపోయేదాకా పక్కన ఆగి నిలబడింది.

మర్నాడు అంగడిలో అడుగు పెట్టేసరికి ఆదినారాయణప్ప ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆమెను చూసి గోడవైపు తిరిగి, "అవు, నా అంగడిలోనే ఉండాది. ఎవురికీ తెలీకుండా నేను చూసుకుంటాలే" అని పెట్టేశాడు. ఆ మనిషి దగ్గర నాగవేణి ఆరేళ్ళుగా పనిచేస్తోంది. ఇన్నాళ్ళలో ఎన్నడూ ఆమెకు వీపు తిప్పి మాట్లాడలేదు.

"నాగవేణీ, ఇంగ మీదట సీడీలు గీడీలు అంగడి నుంచి బయటికి తీసుకపోవద్దమ్మా" అన్నాడు కాసేపటికి. "కంప్యూటరుకు పాస్‌వర్డు పెట్టినా. నేను లేనప్పుడు తెరవొద్దు."

"ఎందుకప్పా? నేనేమన్నా తప్పు చేసినానా?"

"తప్పని ఎవురన్నారు? చెప్పినట్ల చెయ్యి, అంతే." ఆమె మొహం చూడకుండానే అన్నాడు.

ఆ రోజంతా నాగవేణి పని మీద పని తప్పుగా చేసింది. ఒక పెళ్ళిపత్రికలో పెళ్ళికొడుకు పేరు చోట పెళ్ళికూతురి పేరు పెట్టింది. మనసులో మాత్రం లెక్క తప్పకుండా ఒకటొకటిగా జోడిస్తూనే ఉంది. సుబ్బరాయప్పకు బొమ్మ సంగతి తెలిసింది. ఆయన పోలీసులకు చెప్పాడు. పోలీసులు బైరప్పను అడిగారు, బైరప్ప ఫోటో ఇచ్చాడు. తరువాత ఆదినారాయణప్పకు ఫోను వచ్చింది. పేజీ మూసేశారు. ఎటు తిప్పి చూసినా అన్నీ అతికినట్టే ఉన్నాయి. ఒక్కటే తేలలేదు. అసలు సుబ్బరాయప్పకు చెప్పింది ఎవరు?

ఆ ఆదివారం ఫ్లెక్సు ఫైలు ఇచ్చి రావడానికి చిక్కబళ్ళాపురం వెళ్ళాల్సి వచ్చింది. ఫ్లెక్సు అచ్చువేసే యంత్రం అక్కడుంది. పని ముగించుకుని బస్టాండు దగ్గర తనను ఎవరూ ఎరగని కేఫ్ ఒకటి చూసుకుని వెళ్ళింది. అక్కడా అదే తెల్లటి పేజీ. అంటే ఇది బైరప్ప ఒక్కడి కేఫ్‌లో జరిగింది కాదు, పైనుంచి వచ్చిన పని. చింతామణి బస్సు ఎక్కాల్సిన మనిషి బాగేపల్లి బస్సు ఎక్కింది.

బాగేపల్లిలో రంజిత ఉంది. నాగవేణి చిన్నమ్మ కూతురు. తాలూకు ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటరు ఆపరేటరు. రైతులకు పహణీలు, అంటే పొలం రికార్డు కాగితాలు, తీసిచ్చే కౌంటరులో కూర్చుంటుంది. చిన్నప్పటినుంచీ ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు. 'చిత్తుబొమ్మలు' నాగవేణివని తెలిసిన మనిషి లోకంలో రంజిత ఒక్కతే. బస్సు పేరేసంద్ర దాటేదాకా ఆ సంగతి నాగవేణికి ధైర్యంగానే ఉంది. ఉన్నట్టుండి అదే సంగతి గుండెలో ముల్లులా గుచ్చుకుంది. తెలిసింది రంజితకు ఒక్కదానికే. ఆ ఉద్యోగం రంజితకు ఇప్పించింది సుబ్బరాయప్ప. తహసీల్దారుకు ఆయన చెప్పిన ఒక్క మాట మీద వచ్చింది.

రంజిత అక్కను చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది. సంగతి విని, "అంతేనా? రా, మా ఊరి కేఫ్‌లో చూద్దాం" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఇద్దరూ ఒకే కుర్చీలో చెరిసగం కూర్చున్నారు. నాగవేణి అడ్రసు కొట్టింది.

పేజీ తెరుచుకుంది.

"చూడక్కా, ఉండనే ఉండాది! ఊరికే హడలిపోయినావు" అని రంజిత నవ్వింది.

నాగవేణికి నవ్వు రాలేదు. చింతామణిలో లేదు, చిక్కబళ్ళాపురంలో లేదు, ఇక్కడ ఉంది. తాను ఎక్కడెక్కడ తిరుగుతుందో ఆ చోట్లే చూసి ఎవరో మూసినట్టుంది. ముసలమ్మ బొమ్మ కిందకు వెళ్ళి చూసింది. కొత్త వ్యాఖ్య ఒకటి ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "ఈ మచ్చ ఎవరిదో నాకు తెలుసు. ఈ బొమ్మ చేసింది ఎవరో కూడా తెలుసు." రాసినవారి పేరు లేదు.

నాగవేణి మెల్లగా రంజిత వైపు తిరిగింది. "ఎవురికి చెప్పినావు?"

"ఏంది?"

"ఈ పేజీ నాదని నీకు తప్ప ఇంగెవురికీ తెలీదు రంజితా. ఎవురికి చెప్పినావు?"

"నేనెవురికీ చెప్పలేదక్కా. అమ్మ తోడు."

"వచ్చే నెల కాంట్రాక్టు మళ్ళీ రాయాలంటివే. సుబ్బరాయప్ప చెప్తే గదా రాస్తారు? నా బొమ్మ చూపించి రాయించుకుంటివా?"

అన్నాక ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది, కానీ తీసుకోలేదు. తీసుకుంటే రంజిత తప్పించుకుంటుందేమోనని కూడా అనిపించింది. రంజిత లేచి చీర సర్దుకుంది.

"అమ్మ వంట చేసి పెట్టింటాది. నేనొచ్చేది ఆలస్యమవుతాది, నువ్వు తినేసి పో" అని చెప్పి బయటికి వెళ్ళిపోయింది.

నాగవేణి చిన్నమ్మ ఇంటికి వెళ్ళలేదు. ఆ కుర్చీలోనే కూర్చుని బ్లాగులో బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా తీసేసింది. ట్యాంకరు ముందు ఆడవాళ్ళు పోయారు. పెట్టెల మీద నిద్రపోయే హమాలీలు పోయారు. ముసలమ్మ పోయింది, ఆమె కిందనున్న ఆ వ్యాఖ్యా పోయింది. ఆఖరికి 'చిత్తుబొమ్మలు' అన్న పేరు, దాని కింద ఖాళీ తెలుపు మిగిలాయి. బస్టాండుకు వచ్చి సంచీలో ఉన్న సీడీని విరిచి, కొబ్బరిబోండాల అతను పోసుకున్న చిప్పల కుప్పలోకి తోసింది. మర్నాడు అంగడిలో ఆదినారాయణప్ప పాస్‌వర్డు కొట్టిచ్చి పత్రికల కట్టలు లెక్క చూసుకుంటుండగా, కంప్యూటరులో దాచిన ఫైళ్ళు కూడా చెరిపేసింది. ఎవరైనా వచ్చి వెతికినా ఇప్పుడు ఏమీ దొరకదు. ఆ ధైర్యం ఆమెకు సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

ఎవరూ రాలేదు. ఆ రోజూ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. సాయంత్రం ఇంటికి వెళ్తుంటే బైరప్ప కేఫ్ గుమ్మంలోంచి చెయ్యి ఊపి పిలిచాడు. అటూ ఇటూ చూసుకుని రోడ్డు దాటింది. బైరప్ప కన్నడ పేపరు తెరిచి చూపించాడు.

"అమ్మా, నువ్వా పొద్దు బొమ్మల సైటు తెరుచుకోలేదంటివే, ఇదే అయ్యుంటాది చూడు. ఢిల్లీలో ఏవో కొన్ని పేజీలు మూయమని చెప్పినారంట. ఈ నెట్ లైను ఇచ్చే కంపెనీలోళ్ళు ఆ కొన్ని ఏరుకోవడం చేతగాక మొత్తం బ్లాగులన్నీ మూసేసిరంట. దేశమంతా గోల. ఇప్పుడు ఒకటొకటే తెరుస్తాండారంట."

"బాగేపల్లిలో తెరుచుకుంటాండెనే?" అంది నాగవేణి.

"ఆ కేఫ్‌లో లైను వేరే కంపెనీది. వాళ్ళింకా మూసుండరు." బైరప్ప తల గోక్కున్నాడు. "తప్పుగా అనుకోవద్దమ్మా. నువ్వు బొమ్మల సైటంటే నేనింకేదో అనుకుంటి. నీ మాదిరి బిడ్డను అట్ల అనుకున్నందుకు నాకే సిగ్గాయ."

ఆమె పేపరులోని ఆ వార్తను మొదటినుంచి చివరిదాకా చదివింది. ఎంత చదివినా అందులో చింతామణి పేరు లేదు. ఆమె బొమ్మను ఢిల్లీలో ఎవరూ చూడలేదు, ఆమె పేరు ఎవరూ రాసుకోలేదు. అందరివీ మూసిన తలుపు వెనకాల ఆమెదీ ఒకటి పడి ఉంది, అంతే. అది తెరుచుకునేలోపల లోపలున్నదంతా ఆమే తీసి పారేసుకుంది.

ఆ వారంలోనే ఆదినారాయణప్ప పాస్‌వర్డు తీసేశాడు. "దొంగ సాఫ్ట్‌వేరు పెట్టుకున్న అంగళ్ళ మీద దాడులు చేస్తాండారని బెంగుళూరు నుంచి మా బావమరిది ఫోను చేసిండె. మనది మాత్రం దుడ్డిచ్చి కొన్నదా? నీకు తెలిస్తే నువ్వు గూడా భయపడతావని చెప్పలేదమ్మా" అని తలకాయ దించుకుని నవ్వాడు.

నాగవేణి అర్ధదినం సెలవు పెట్టి బాగేపల్లి వెళ్ళింది. తాలూకు ఆఫీసులో పహణీ కౌంటరు ముందు రైతులు బారుగా నిలబడి ఉన్నారు. ఆమె కూడా ఆ బారులో నిలబడి రంజిత ముందుకు చేరింది.

"యా ఊరు? సర్వే నంబరు చెప్పండి" అంది రంజిత, తలెత్తి చూసి కూడా.

"తప్పయిపోయింది రంజితా. అంతా మూతపడింటే నాదొక్కటే అనుకుంటి. పేపర్లో వచ్చింది."

"నేనూ చదివినా."

"నిన్ను అనరాని మాట అన్నా."

రంజిత, నాగవేణి వెనకాలున్న రైతు పహణీ తీసి, ముద్ర కొట్టి, అతని చేతికిచ్చింది. అప్పుడు మాట్లాడింది, గొంతు పెంచకుండా. "ట్యాంకరు బొమ్మ ఉండాదే, దాన్ని ఈ కంప్యూటరు తెర మీద పెట్టుకోనుంటి. చాకవేలు ముసిలామె ఒకామె వచ్చి, ఇది మా ఊరి ట్యాంకరు గదా బిడ్డా, ఎవురు గీసిరి అనె. నాకు తెలీదవ్వా అంటి. అంత ఆశగా అడిగినా నీ పేరు చెప్పలేదక్కా."

నాగవేణి కౌంటరు మీదికి వంగింది. "ఆ బొమ్మ ఇప్పుడు ఉండాదా? నా దగ్గర ఏమీ మిగల్లేదు."

"ఆ ఆదివారం దాటిన పొద్దే తీసేస్తి." రంజిత బారులో వెనకాలవారి వైపు చూసింది. "తరువాత ఎవురు?"

ఆ నెలాఖరులో సుబ్బరాయప్ప ఆగస్టు పదిహేను ఫ్లెక్సు చెప్పడానికి వచ్చాడు. వెంట బెంగుళూరులో ఇంజనీరింగు చదివే కూతురు మంజుశ్రీ ఉంది. ఆ పిల్ల నేరుగా నాగవేణి పక్కకు వచ్చి నిలబడింది.

"నాగవేణక్క అంటే మీరే గదా? చిత్తుబొమ్మలు పేజీ తెరుచుకుంటాండాది గానీ లోపల ఏమీ లేదే. ఎందుకు తీసేసినారు?"

నాగవేణి తెర మీంచి చూపు తిప్పలేదు. "యా పేజీ పాపా? నాకు తెలీదే."

"అయ్యో, నేనే గదా కామెంటు రాసింది! మా నాయన మచ్చను చూస్తూనే గుర్తుపట్టినా. నాయన ఫ్లెక్సులు చేసేది మీరేనని ఇంట్లో అనుకుంటాంటే వినింటి. నాయనకు గూడా చెప్పినా. మీకు సంతోషమవుతాదని రాస్తి."

ఆ పిల్ల మొహంలో కల్మషం ఏమీ కనబడలేదు. అయినా నాగవేణి ఆ పిల్ల భుజం మీదుగా తండ్రి మొహం చూసింది. సుబ్బరాయప్ప ఆ రోజు నవ్విన నవ్వే నవ్వుతున్నాడు. తనతో ఒప్పించడానికే తండ్రీకూతుళ్ళు కలిసి వచ్చారేమో. "నాకు బొమ్మలు వేసేది రాదు పాపా. మచ్చలు తీసేదే వచ్చు" అంది. తన నోటినుంచి ఆ మాట అంత సులువుగా రావడం చూసి తనకే ఆశ్చర్యమేసింది.

మంజుశ్రీ చేతిసంచీలోంచి పెన్ డ్రైవు తీసి కంప్యూటరుకు పెట్టింది. "నాకు నచ్చి సేవ్ చేసుకోనుంటి" అంటూ తెరిచింది. తెరనిండా ముసలమ్మ.

ఆదినారాయణప్ప కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికి వచ్చాడు. తన అంగడిలో తయారైన మొహాలన్నీ ఆయనకు తెలుసు. ఒక్కొక్క మచ్చనూ గుర్తుపడుతూ ఆయన నోరు మెల్లగా తెరుచుకుంది. సుబ్బరాయప్ప కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. అప్రయత్నంగా వేలు ముక్కు పక్కకు పోయింది.

"మా అమ్మకు గూడా ఈ చోటే ఉణ్ణింది ఈ పులిపిరి" అన్నాడు.

"అందుకే నాయనా నాకు నచ్చింది. అచ్చం అవ్వ మాదిరే ఉండాది."

"బాగ చేసినావమ్మా" అన్నాడు సుబ్బరాయప్ప నాగవేణితో. "నిజంగానే బాగుండాది."

చేసింది తానేనని నాగవేణి ఇంక కాదనలేదు. మంజుశ్రీ ఆ బొమ్మను అంగడి కంప్యూటరులోకి ఎక్కించి, ఇంకొక బొమ్మ గీస్తే తనకు మెయిలు చేయమని అడ్రసు చెప్పి, కారు దగ్గరికి వెళ్ళింది. కూతురు వెళ్ళేదాకా సుబ్బరాయప్ప ఆగాడు.

"నాకు కోపమేమీ లేదమ్మా. గానీ చునావణె వస్తాండాది. ఓట్ల కాలంలో నా మాదిరోని మొగం మీద ఎవురెవురో ఏమేమో రాస్తారు. ఇంగ మీదట ఇట్లాంటివి యాడన్నా పెట్టే ముందర నాకొకసారి చూపియ్యి. ఇంతే నేనడిగేది." లేచి పంచె సర్దుకున్నాడు. "మీ చిన్నమ్మ కూతురు గూడా మన బాగేపల్లి ఆఫీసులోనే ఉండాది గదా? బాగ పని చేస్తాదని చెప్తాండారు. మంచిది." గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగాడు. "ఈ ఫ్లెక్సులో మాత్రం పులిపిరి తీసేయమ్మా."

ఆయన వెళ్ళాక ఆదినారాయణప్ప కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తరువాత, "పెద్దమనిషి. అంత మాట అడిగినాడంటే వినేదే మేలు" అన్నాడు. నాగవేణి ఫ్లెక్సు ఫైలు తెరిచి పులిపిరి తీసేసింది. ఆ వారమంతా తాను ఎవరెవరినో అనుమానించింది. వాళ్ళలో ఎవరూ ఆమె బొమ్మ మీద చెయ్యి వేయలేదు. చెయ్యి వేసిన మనిషి మాత్రం ఇప్పుడే బాగుందని మెచ్చుకుని, అమ్మా అని పిలిచి, నవ్వుతూ వెళ్ళాడు. విచిత్రంగా ఆమెకు ఇప్పుడు భయం తగ్గింది. ఎవరిని చూసి భయపడాలో తేలిపోయింది.

సాయంత్రం వీధి చివర రూపాయి ఫోను దగ్గర నిలబడి తాలూకు ఆఫీసుకు ఫోను చేసింది. రంజిత వచ్చి, గొంతు గుర్తుపట్టి, "చెప్పు" అంది. నాగవేణి జరిగిందంతా చెప్పింది. మంజుశ్రీ సంగతీ, పెన్ డ్రైవులో మిగిలిన బొమ్మ సంగతీ, సుబ్బరాయప్ప అన్న మాటలూ ఒక్కటి వదలకుండా.

"నా సంగతి ఎత్తినాడా?" అంది రంజిత.

"ఎత్తినాడు. అందుకే ముందు నీకే చెప్తాండా. మళ్ళీ మొదలుపెట్టాలనుంటాండాది, ఆయనకు చూపించకుండా. నీ పని పోతాదని నీకు భయముంటే చెప్పు, నేను గీయను."

అవతల ఎవరో మేడం, మేడం అని పిలుస్తున్నారు. రంజిత వాళ్ళను ఉండమంది. నాగవేణి ఇంకొక రూపాయి వేసింది.

"భయం ఉండాదక్కా. లేదని ఎందుకు చెప్పల్ల?" అంది రంజిత చివరికి. "పని పోతే కష్టమే. గానీ ఆయన చూసి సరే అన్న బొమ్మలే గీస్తానంటే, నాకు నీ బొమ్మలొద్దు. ఆయన ఫ్లెక్సులు బస్టాండులో కావలసినన్ని ఉండాయి."

నాగవేణి రిసీవరును చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది.

"నన్ను అంత మాట అన్నావే, అది నేనింకా మర్చిపోలేదు" అంది రంజిత మళ్ళీ.

"తెలుసు."

"మర్చిపోతానో లేదో గూడా తెలీదు."

"సరేలే."

"ఆదివారం రా. అమ్మ రాగిముద్ద చేస్తాది. ఈసారన్నా తినిపో" అని రంజిత ఫోను పెట్టేసింది.

నాగవేణి రిసీవరు తగిలించి, ఆదివారం బాగేపల్లికి నేరుగా వెళ్ళే బస్సు ఎన్ని గంటలకో కనుక్కోవడానికి బస్టాండు వైపు నడిచింది.